మందు కొనక ముందు ఆకు తిప్పి చూడండి

ఆశ్వయుజపు వానలు వెనకబట్టి కార్తీకపు మంచు మొదలయ్యే రోజుల్లోనే మా పర్లాకిమిడి పెరళ్లలో తెగుళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్యస్థానం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు గీత ఎటు పడినా పెరటి సాగు మాత్రం మారలేదు. మా వీధిలో తెలుగువారి ఇంటా, ఒడియావారి ఇంటా వెనకనున్న కాస్త జాగాలో వంగ, టమాటా, బెండ, మిరప, ఒక ఆనప పాదు, ఒక నిమ్మ చెట్టు తప్పకుండా ఉంటాయి. నేల చాలాచోట్ల ఆమ్ల గుణమున్న ఎర్రనేల. సముద్రం మరీ దూరం కాదు కనుక గాలిలో తేమ ఎక్కువ. అక్టోబరు వచ్చిందంటే తుపాను భయం ఉండనే ఉంటుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. ఇన్ని కలిసిన చోట మొక్కలకు జబ్బు చేయడంలో ఆశ్చర్యం లేదు.

ఆశ్చర్యం కలిగించేది మన తీరు. మొక్క వాడగానే, ఆకు ముడుచుకోగానే అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న "ఏం మందు కొట్టాలి?" అన్నదే. ఎరువుల కొట్టుకు వెళ్లి "మిరపాకు ముడుచుకుపోతోంది, మందివ్వండి" అంటే, ఎటు ముడుచుకుంది అని అడగకుండానే ఒక సీసా, దానికి తోడుగా ఒక పొట్లం చేతిలో పెట్టి పంపిస్తారు. కొట్టువారిని అనవలసిన పని లేదు, మనం అడిగినది మందే కదా. కాని పెరట్లో కనిపించే జబ్బుల్లో చాలావాటికి మందే లేదు. కొన్ని అసలు జబ్బులే కావు. మిగిలిన వాటిలో ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనికిరాదు. శిలీంద్రానికి చల్లే మందు వైరస్‌ను ఏమీ చేయదు, పురుగుమందు బాక్టీరియాను తాకదు, నల్లికి (మంచాల్లో ఉండేది కాదు, మొక్కల రసం పీల్చే సాలీడు జాతి చిన్న జీవి) పురుగుమందు కొడితే నల్లిని తినే మేలు పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. కాబట్టి మందు పేరు కంటే ముందు తెలుసుకోవలసినది జబ్బు పేరు. జబ్బు పేరు తెలియకపోయినా, కనీసం అది ఏ జాతి జబ్బో తెలియాలి.

అందుకు పెద్ద చదువు అక్కరలేదు గాని, చూడవలసినవి వరసగా చూడడం అలవాటు కావాలి. జబ్బు ఒక్క మొక్కకే వచ్చిందా, వరసంతా ఒకేసారి వచ్చిందా? ఒక రాత్రిలో అన్ని రకాల మొక్కల ఆకులూ ఒకే తీరుగా మాడితే అది తెగులు కాదు. ఎండ దెబ్బో, ఎరువు ఎక్కువైందో, పక్కవారు కొట్టిన కలుపుమందు గాలికి వచ్చిందో అయి ఉంటుంది. తెగులు ఎప్పుడూ ఒకచోట మొదలై మెల్లగా పాకుతుంది, ఒక జాతి మొక్కలను పట్టి పక్క జాతిని వదిలేస్తుంది. తరువాత చూడవలసినది, మొదట చెడినది ముదురాకా లేతాకా అన్నది. ఆ తరువాత ఆకును తిప్పి అడుగు భాగం చూడాలి. ఈ ఒక్క పని చేయనివారే ఎక్కువ. తెల్లదోమ, నల్లి, పేనుబంక, బూజు ఇవన్నీ ఆకు అడుగునే కాపురముంటాయి. పుస్తకాల దుకాణంలో దొరికే చిన్న భూతద్దం ఒకటి పెరటి గోడమీద ఉంచుకోవడం ఏ మందు సీసా ఉంచుకోవడం కంటే మేలని నా అభిప్రాయం.

మా ప్రాంతపు పెరళ్లకు అన్నిటికంటే పెద్ద శత్రువు వంగ, టమాటా మొక్కలను పట్టే బాక్టీరియా ఎండు తెగులు. దీన్ని కలిగించే రాల్‌స్టోనియా సొలనేసియారం అనే బాక్టీరియాకు వేడి, తేమ, ఆమ్ల నేల మూడూ ఇష్టం. మూడూ ఇక్కడ ఉన్నాయి. నిన్నటిదాకా నిగనిగలాడుతూ పూత మీదున్న మొక్క మధ్యాహ్నం వేళ తల వాల్చేస్తుంది. సాయంత్రానికి కాస్త తేరుకుంటుంది, కాబట్టి ఇంట్లోవారు నీళ్లు చాలలేదనుకుని రెండు చెంబులు ఎక్కువ పోస్తారు. రెండు మూడు రోజుల్లో మొక్క మొత్తం వాలిపోతుంది, కాని ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. పసుపు రంగుకు తిరగకుండానే పచ్చిమీద వాడిపోవడమే దీని ముఖ్య లక్షణం. శిలీంద్రం వల్ల వచ్చే ఫ్యూజేరియం ఎండు తెగులులో ఇలా ఉండదు. అందులో ముందు కింది ఆకులు పసుపుబారి, కొన్నిసార్లు మొక్కకు ఒక పక్కే ఎండుతూ, కొన్ని వారాల పాటు సాగుతుంది.

ఈ రెండింటినీ తేల్చుకునే పరీక్ష ఒకటుంది, వంటగదిలోనే చేయవచ్చు. వాడిన మొక్కను వేళ్లతో పీకి, కాండం మొదట్లోంచి రెండు మూడు అంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు నింపి, కోసిన కొన నీటిని తాకేటట్లు ముక్కను చేత్తో పట్టుకోవాలి, కదపకూడదు. బాక్టీరియా ఎండు తెగులైతే కొద్ది నిమిషాల్లో ఆ కొన నుంచి తెల్లని పాలవంటి సన్నని ధార నీటిలోకి, అగరొత్తి పొగ తలకిందులుగా దిగినట్లు, మెలికలు తిరుగుతూ దిగుతుంది. అది కాండపు నాళాలలో నిండిపోయిన బాక్టీరియా ముద్ద; నీరు పైకి పోయే దారిని అదే మూసివేసింది కనుకనే తడి నేలలో నిలబడ్డ మొక్క దాహంతో వాలిపోయింది. ధార రాకుండా, కాండాన్ని నిలువునా చీల్చితే లోపల గోధుమరంగు చారలు మాత్రమే కనిపిస్తే, ఫ్యూజేరియం అని అనుమానించవచ్చు. మొన్న మా ఎదురింటి పిన్నిగారికి ఈ పరీక్ష చేసి చూపిస్తే, ఆవిడ గ్లాసు వంక తేరిపార చూసి, "అయితే నేను పోసిన నీళ్లన్నీ ఏమైనట్టమ్మా?" అని అడిగారు. పాదులో పోసిన ఆ నీళ్లే పక్క మొక్కకు తెగులును మోసుకుపోయాయి.

ఎందుకంటే ఈ బాక్టీరియా నేలలో ఉంటుంది, నీటితోనూ, పారకు అంటిన మట్టితోనూ, సంతలో కొన్న నారు వేళ్లతోనూ ప్రయాణిస్తుంది, వేళ్లకు తగిలిన చిన్న గాయాల గుండా లోపలికి పోతుంది. దీనికి మందు లేదు. తెగులు తేలిన మొక్కను వేళ్ల చుట్టూ ఉన్న మట్టితో సహా ఆ రోజే పీకి, ఎండబెట్టి కాల్చేయాలి, పెంటగొయ్యిలో వేయకూడదు. ఆ పాదులోంచి నీరు పక్క పాదులోకి పారకుండా మట్టి కట్ట వేయాలి. పార, చేతులు కడుక్కోవాలి. ఆ చోట మళ్లీ వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప నాటకుండా కనీసం రెండు మూడేళ్లు మొక్కజొన్నో, ఉల్లో, ఆకుకూరలో వేయాలి. అల్లం, వేరుశెనగ కూడా ఈ తెగులుకు లోబడే పంటలే గనుక వాటినీ ఆ మడిలో వేయకపోవడం మంచిది. నేల పరీక్షలో ఆమ్లత్వం ఎక్కువని తేలితే సున్నం వేయడం వల్ల కొంత ఉపశమనం ఉంటుంది.

అసలు నిలకడైన మార్గం రకం ఎంచుకోవడంలో ఉంది. భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ తెగులు బాధ తెలిసే ఉత్కళ్ పేరుతో మొదలయ్యే తట్టుకునే రకాలు ఇచ్చింది. వంగలో ఉత్కళ్ తరిణి, ఉత్కళ్ మాధురి, టమాటాలో ఉత్కళ్ పల్లవి, ఉత్కళ్ దీప్తి వంటివి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క నీలకంఠ్, అర్క నిధి వంగలూ, అర్క రక్షక్ టమాటా కూడా తట్టుకునేవే. అర్క రక్షక్ ఈ తెగులుతో పాటు ఆకుముడత వైరస్‌నూ, ఆకుమాడు తెగులునూ కూడా తట్టుకుంటుంది. ఏ రకమూ చావనే చావదని కాదు, తట్టుకుంటుందని మాత్రమే అర్థం. మరొక దారి, అడవి జాతి ఉస్తి మొక్క వేరుపై వంగను అంటుకట్టడం. ఉస్తి వేళ్లను ఈ బాక్టీరియా తేలికగా పట్టలేదు. అంటు నారు దొరికితే ఒక్కో మొక్కకు నాలుగు రూపాయలు ఎక్కువైనా తీసుకోవాలి, నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో మునగకుండా చూసుకోవాలి. మునిగితే పై వంగ తన వేళ్లు తాను వేసుకుంటుంది, అంటు కట్టిన ఫలితం పోతుంది.

వంగలోనే ఇంకొకటి కనిపిస్తుంది, వెర్రి తెగులు. మొక్క చావదు. ఆకులు చిన్నవై, గుబురుగా, మెత్తగా పెరుగుతాయి, కాయ మాత్రం కాయదు. చూడ్డానికి ముచ్చటగా ఉందని ఉంచేస్తారు. ఇది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, దీపపు పురుగు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు చేరవేస్తుంది. ఉంచినన్నాళ్లూ మిగతా మొక్కలకు ప్రమాదమే, కనుక పీకేయాలి.

ఆకు పసుపుబారడం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. బెండాకును కోసి సూర్యుడికి ఎదురుగా పట్టి చూడండి. ఈనెలు పసుపుబారి, ఈనెల మధ్య భాగం ఇంకా ఆకుపచ్చగా ఉండి, పసుపు దారంతో వల అల్లినట్లు స్పష్టంగా కనిపిస్తే అది పల్లాకు తెగులు, కొందరు శంఖు రోగమంటారు. ముదిరితే ఆకంతా పసుపుబారి కాయలు కూడా పాలిపోయి గట్టిపడతాయి. ఇది వైరస్, తెల్లదోమ తెస్తుంది. సరిగ్గా దీనికి తిరగబడి, ఈనెలు పచ్చగా నిలిచి వాటి మధ్య భాగం పసుపుబారితే అది వైరస్ కాదు, ఆకలి. అది లేతాకుల్లో కనిపిస్తే ఇనుము లోపం. ముదురాకుల్లో కనిపిస్తే మెగ్నీషియం లోపం. ముదురాకు ఈనెలతో సహా ఏకంగా పాలిపోతే నత్రజని చాలలేదని అర్థం. మా ఎర్రనేలల్లో ఇనుముకు కొదవ ఉండదు కనుక నేలలో నాటిన మొక్కకు ఇనుము లోపం అరుదు. కొత్త ఇల్లు కట్టినప్పుడు సిమెంటు, సున్నపు పెళ్లలు కలిసిన మూలన నాటిన మొక్కల్లోనూ, మేడమీద కుండీల్లోనూ మాత్రం తరచుగా చూస్తాం. అప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి ఆకులపై చల్లితే వారం పది రోజుల్లో కొత్త చిగురు పచ్చబడుతుంది. పల్లాకు తెగులుకు అన్నభేది చల్లినా, ఇనుము లోపానికి తెల్లదోమ మందు కొట్టినా పోయేది డబ్బు, కాలం.

పల్లాకు తెగులు కనిపించిన బెండ మొక్కను మొదటి రోజే పీకడానికి చేతులు రావు, నాకు తెలుసు. అది అప్పుడే పూతకు వచ్చి ఉంటుంది. కాని వైరస్ పట్టిన మొక్క తేరుకోదు, పైగా తెల్లదోమలకు విషం నింపే భాండంగా మిగిలినవాటి మధ్య నిలబడుతుంది. పీకే ముందు మొక్కపై సబ్బు నీళ్లు చల్లి దోమలను తడిపితే అవి లేచి పక్క మొక్కపైకి పోవు. మిగిలిన వరసలో పసుపు రంగు జిగురు అట్టలు మొక్క తల ఎత్తులో కట్టి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బు ద్రావణంతో చిలికి ఆకు అడుగు తడిసేలా వారానికొకసారి సాయంత్రం వేళ చల్లాలి. ఆకు పైభాగం మీద చల్లి ఊరుకుంటే తెల్లదోమకు ఏమీ కాదు. టమాటా ఆకుముడత వైరస్‌కూ ఇదే దారి.

మిరపాకు ముడత మాట మొదట్లో అన్నాను. ఆకు అంచులు పైకి, పడవలా తిరిగితే తామర పురుగులు (త్రిప్స్). దీన్ని రైతులు పై ముడత అంటారు. అంచులు కిందికి తిరిగి, ఆకు సన్నబడి, తొడిమ సాగితే తెల్లనల్లి; ఇది కింది ముడత. ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారితే తెల్లదోమ తెచ్చే జెమినీ వైరస్. తెల్ల కాగితం ఒకటి చిగురు కింద పట్టి రెండుసార్లు వేలితో తట్టండి. గోధుమరంగువో నల్లనివో సన్నని పురుగులు కాగితం మీద చురుగ్గా పాకితే తామర పురుగులే. నల్లి కంటికి ఆనదు, భూతద్దం కావాలి. తామర పురుగులకు నీలం రంగు జిగురు అట్టలు, వేపనూనె. నల్లికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం. నల్లికి మామూలు పురుగుమందులు కొట్టడం దండగ. 2021 చివర్లో నల్ల తామర పురుగు ఆంధ్ర, తెలంగాణ మిరప చేలను ఊడ్చిపెట్టినప్పుడు కొట్టిన మందునే మళ్లీ మళ్లీ కొట్టి, చివరకు తోటలు దున్నేసినవారున్నారు. పెరట్లో పది మొక్కలవారికి అంత దూరం పోవలసిన అవసరమే లేదు, పూల మీద చేరిన పురుగులను రోజూ చూసుకుని, పూలు దులిపి, అట్టలు మారిస్తే చాలావరకు అదుపులో ఉంటాయి.

జబ్బు కాని జబ్బుల్లో అందరినీ భయపెట్టేది టమాటా కాయ అడుగున నల్లగా, నొక్కుకుపోయినట్లు వచ్చే మచ్చ. దానికి శిలీంద్రపు మందులు కొట్టేవారున్నారు. పువ్వు రాలిన కొననే మచ్చ వచ్చి, తొడిమ వైపు కాయ బాగుంటే అది కాల్షియం కాయకు అందక వచ్చే లోపం. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్లు ఒకరోజు ముంచెత్తి రెండు రోజులు మరచిపోవడం వల్లనే అది కాయదాకా చేరదు. కుండీల్లో ఎక్కువగా వచ్చేది అందుకే. రోజూ ఒకే వేళకు, ఒకే తీరుగా నీరు పెట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిస్తే తరువాతి కాపులో మచ్చ పోతుంది. ఇక బాగా ఎరువు వేసినా ఎదగని మొక్కను పీకితే వేళ్లనిండా బుడిపెలు కనిపించవచ్చు. అవి నులిపురుగుల పని. చిక్కుడు, వేరుశెనగ వేళ్లపై ఉండే మంచి బుడిపెలతో వీటిని కలపకూడదు. మంచి బుడిపె వేరుకు పక్కగా అతుక్కుని ఉండి గోటితో గీకితే ఊడివస్తుంది, చిదిపితే లోపల గులాబీ రంగు ఉంటుంది. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బి ఏర్పడినది, వేరు తెగకుండా రాదు. అటువంటి మడిలో ఒక కారు దట్టంగా బంతి వేసి, వేపపిండి కలపడం పెరటివారికి వీలైన మార్గం.

ఆనప, గుమ్మడి ఆకులపై విభూతి రాసినట్లు తెల్లని పొడి కనిపిస్తే బూడిద తెగులు. ఆకు పైన పసుపు పలకల మచ్చలు, అడుగున ఉదయం వేళ బూజు కనిపిస్తే బూజు తెగులు. మొదటిదానికి ఒక వంతు పాలు తొమ్మిది వంతుల నీటిలో కలిపి చల్లడం నిజంగానే పనిచేస్తుంది, 1999లో బ్రెజిల్ పరిశోధకులు తీగ జాతి కూరగాయలపై పరీక్షించి ఫలితం చూపించారు. ఎండ ఉన్నప్పుడు, తెగులు మొదట్లోనే చల్లాలి. గంధకం మాత్రం తీగ జాతి కూరగాయలకు చల్లకండి, ఆకు మాడుతుంది. బూజు తెగులుకు పాలు చాలవు. దట్టమైన ఆకులు తీసి గాలి ఆడనివ్వాలి, పందిరి ఎత్తు చేయాలి, అప్పటికీ తగ్గకపోతే రాగి మందులు.

రాగి మందుల్లో నాకు నమ్మకం ఉన్నది పాత బోర్డో మిశ్రమం మీదే. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారి పక్క ద్రాక్షపళ్లు ఎవరూ కోసుకుపోకుండా రైతులు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి తీగలకు పూసేవారట. పూసిన తీగలకు బూజు తెగులు రాలేదని మిలార్దె అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించి 1885లో ప్రకటించాడు. ఇంట్లో చేసుకోవడం సులువు. 10 గ్రాముల మైలుతుత్తాన్ని పొడి చేసి అర లీటరు నీటిలో, 10 గ్రాముల మంచి పొడిసున్నాన్ని వేరే అర లీటరు నీటిలో కరిగించి, సున్నపు నీటిలోకి తుత్తపు నీటిని పోస్తూ కర్రతో కలపాలి. పాత్ర ప్లాస్టిక్‌దో మట్టిదో కావాలి, ఇనుము పనికిరాదు. కలిపాక తోమిన ఇనుప చాకును ఒక నిమిషం అందులో ముంచి తీయండి. చాకుపై ఎర్రని రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, అదే చల్లితే ఆకులు మాడతాయి. పూత పట్టనంతవరకు సున్నపు నీరు చేర్చాలి. లేత నీలం రంగు ద్రావణాన్ని గుడ్డలో వడకట్టి ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పనికిరాదు. నిమ్మకు వచ్చే గజ్జి తెగులుకు, అంటే ఆకులపై, కాయలపై పసుపు వలయంతో గరుకుగా లేచే మచ్చలకు, ఎండిన కొమ్మలు కత్తిరించి, వానల ముందు చిగురు వేళ ఇది చల్లితే మంచి ఫలితం ఉంటుంది. ఆకుతొలుచు పురుగు చేసిన గాయాల గుండానే ఈ బాక్టీరియా లోపలికి పోతుంది కనుక చిగుళ్ల మీద వేపనూనె కూడా అవసరం. అయితే రాగి నేలలో పేరుకుంటుంది, వానపాములకు మంచిది కాదు. ఏడాదికి రెండు మూడుసార్లకు మించి చల్లకూడదని నేను పెట్టుకున్న కట్టుబాటు. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ వంటి మేలు సూక్ష్మజీవులను మడిలో వేసినవారు అదే మడిలో రాగి మందు పోస్తే వేసినవి చచ్చిపోతాయి.

రసాయన మందు కొనక తప్పని పరిస్థితి వస్తే డబ్బాపై ఉన్న రంగు త్రికోణం చూడండి. ఎరుపు అతి విషపూరితం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ క్రమంగా తక్కువ. వారంలో మూడు రోజులు కోసుకుతినే పెరట్లో ఎరుపు, పసుపు త్రికోణాల మందులకు చోటు లేదు. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడరాదని ప్రభుత్వం 2005లోనే నిషేధించినా, "కాస్త ఘాటుగా ఉండే మందు" అని అడిగేవారు ఇంకా ఉన్నారు. డబ్బాతో ఇచ్చే కాగితంలో ఏ పంటకు వాడవచ్చో, కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో రాసి ఉంటుంది. అది చదవకుండా కొట్టకూడదు, చదివి తెలియకపోతే కొననే కూడదు.

వర్షాకాలపు తెగుళ్లకు అసలు పని ఎండాకాలంలో ఉంది. తెగులు వచ్చిన మడిని ఏప్రిల్, మే నెలల్లో తవ్వి చదును చేసి, బాగా తడిపి, పలుచని పారదర్శకపు ప్లాస్టిక్ పట్టాతో కప్పి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే పై మట్టిలోని చాలా శిలీంద్రాలు, నులిపురుగులు, కలుపు గింజలు వేడికి నశిస్తాయి. నల్ల పట్టా ఇంత పనిచేయదు. రథయాత్ర నాటికి ఆ మడిలో ఎత్తు చేసిన నారుమడి పోసుకుంటే నారుకుళ్లు కూడా తగ్గుతుంది.

ఇంత చూసినా తేలని జబ్బులుంటాయి. ఫోటో తీసి వాట్సాప్ గుంపులో పెడితే పదిమంది పది మందులు చెబుతారు. దానికంటే జిల్లాలో ఆర్. ఉదయగిరిలో ఉన్న, రైతులకు సలహాలిచ్చే కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, సరిహద్దు దాటి ఆమదాలవలస కేంద్రానికి గాని నమూనా తీసుకెళ్లడం మేలు. ఆకు ఒక్కటి కోసుకుపోకూడదు. జబ్బు నడిమి దశలో ఉన్న మొక్కను, పూర్తిగా చచ్చినదాన్ని కాదు, వేళ్లూ కాస్త మట్టితో సహా తవ్వి పాత వార్తాపత్రికలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే దారిలోనే చెమటపట్టి కుళ్లి, వచ్చిన కుళ్లు ఏదో పాత తెగులు ఏదో తెలియకుండా పోతుంది. పక్కనే ఉన్న ఆరోగ్యమైన మొక్క కొమ్మ ఒకటి కూడా వేరే కాగితంలో చుట్టి తీసుకెళ్లాలి. ఎప్పుడు నాటారో, ఏ రకమో, మొదట ఏ ఆకు చెడిందో, అంతకుముందు ఏమేమి చల్లారో ఒక చీటీపై రాసి మొక్కతోపాటు ఇస్తే అక్కడివారికి సగం పని తగ్గుతుంది.